బేగంపేట విమానాల మీద నాన్న రాసుకున్న నోటుబుక్కులు దొరికాయి, కొంచెం అర్థం చెప్పండి

బోడుప్పల్_వాసి:

అందరికీ నమస్తే. నాకు విమానాల గురించి పెద్దగా ఏమీ తెలీదు, తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని ఆఫీసులో ఒకాయన చెబితే రాస్తున్నా. పోస్టు పెద్దదే, తిట్టుకోకండి.

మా నాన్న పోయి రెండేళ్ళయింది. పోయిన నెల ఇల్లు మారుతుంటే అటక మీది ట్రంకుపెట్టెలో మూడు బౌండు నోటుబుక్కులు దొరికాయి. షాపు లెక్కలేమో, పాతపేపర్ల వాడికి వేసేద్దామని పక్కన పడేశా. మా వాడు (తొమ్మిదేళ్ళు) తెరిచి చూసి "డాడీ, తాతయ్య విమానాలు రాసుకున్నాడు" అన్నాడు. నిజమే. 1984 నుంచి 2008 దాకా. తేదీ, టైము, వీటీ-ఈడీవీ, వీటీ-ఈఏజీ ఇలా ఏదో నంబరు, పక్కన బోయింగు, ఎయిర్‌బస్సు, ఆవ్రో, ఆ పక్కన "దిగింది" లేదా "లేచింది". కొన్ని రోజులకి "వాన, ఏమీ కనపళ్ళేదు" అని మాత్రమే. అప్పట్లో మేం రసూల్‌పురాలో డాబా మీది ఒక్క గదిలో అద్దెకుండేవాళ్ళం, నాన్నకి ప్యారడైజ్ దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే షాపు. అమ్మని అడిగితే "అదొక పిచ్చి మీ నాన్నకి, సాయంత్రం టీ గ్లాసుతో డాబా ఎక్కితే టీ చల్లారిపోయేది కానీ మనిషి దిగేవాడు కాదు" అంది. నాకు ఆయన డాబా మీద నిలబడ్డం గుర్తుంది, రాసుకోవడం గుర్తులేదు. ఆయన విమానం ఎక్కింది ఒక్కసారే, 2006లో ఢిల్లీకి. ఆ రోజు పేజీలో నంబరు లేదు, "లోపల్నుంచి నంబరు కనపడదు" అని రాసుంది. చివరి ఎంట్రీ 22-3-2008. "రేపట్నుంచి శంషాబాద్" అని రాసి కింద సంతకం పెట్టారు, ఎందుకో మరి.

నా డౌట్లు. ఈ వీటీ అంటే ఏంటి? వీటీ-ఈడీవీ చాలాసార్లు వస్తుంది, 1993లో ఒకచోట దాన్ని ఎర్ర పెన్నుతో గీత కొట్టి చుట్టూ డబ్బా గీశారు, ఆ తరువాత అది ఎక్కడా లేదు, ఏమైంది? మొదటి పుస్తకం అట్ట లోపల "ఆషాఢంలో దిగుతాయి, మార్గశిరంలో లేస్తాయి" అని పెద్దక్షరాలతో ఉంది. సామెతా, పాటా, ఏమీ అర్థం కాలేదు. ఇంకొకటి, మా వాడు ఇప్పుడు తానూ రాస్తానంటున్నాడు. శంషాబాద్‌లో ఎక్కడ నిలబడాలి, పోలీసులు ఏమైనా అంటారా, కెమెరా, ఆ రేడియో స్కానరూ కొనాలా?

కూకట్‌పల్లి_కుర్రాడు:

అన్నా, వీటీ అంటే వైస్రాయ్ టెరిటరీ. బ్రిటిషోడు పెట్టిండు, మనం ఇంకా మోస్తున్నం. మిగతావి పెద్దోళ్ళు చెప్తరు.

రన్‌వే_27:

పైన చెప్పింది అందరూ చెప్పుకునే మాటే కానీ తప్పు తమ్ముడూ. 1927లో వాషింగ్టన్‌లో రేడియో సమావేశం జరిగినప్పుడు దేశాలకి కాల్‌సైన్ (రేడియోలో పిలిచే గుర్తు) అక్షరాలు పంచారు. బ్రిటిష్ సామ్రాజ్యం వాటాలో ‘వీ’తో మొదలయ్యేవి చాలా పడ్డాయి, వాటిలో మనకి వచ్చింది వీటీ. ఆస్ట్రేలియాకి వీహెచ్ వచ్చింది, ఇప్పటికీ అదే. హాంకాంగ్ విమానాలకి వీఆర్-హెచ్ ఉండేది. మరి వీహెచ్‌లో వైస్రాయ్ ఎక్కడున్నాడు? అంతకుముందు మన విమానాలు జీ-ఐ అని మొదలయ్యేవి. వైస్రాయ్ కథ తరువాత ఎవరో అతికించింది.

ఇక బోడుప్పల్ అన్నా, మీ నాన్నగారి అట్ట లోపలి వాక్యం చదివి నేను కుర్చీలోంచి లేచి ఇంట్లో రెండు రౌండ్లు తిరిగొచ్చా. అది సామెత కాదు. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, దాన్ని 09/27 అంటారు, అంటే ఒకవైపు 90 డిగ్రీలు, రెండోవైపు 270 డిగ్రీలు (నా పేరు అక్కడిదే). రసూల్‌పురా తూర్పు కొసన ఉంది. ఆషాఢంలో నైరుతి గాలి, పడమట నుంచి గట్టిగా కొడుతుంది, కాబట్టి విమానాలు తూర్పు నుంచి వచ్చి మీ డాబా మీదుగా దిగేవి. మార్గశిరం అంటే డిసెంబరు, గాలి తూర్పుకి తిరుగుతుంది, అప్పుడవి పడమట నుంచి దిగి తూర్పుకి లేచేవి, మీ డాబా మీదుగానే. ఎవరూ చెప్పకుండా, ఒక్క పుస్తకం చదవకుండా, డాబా మీద టీ గ్లాసు పట్టుకుని ఈ సంగతి కనిపెట్టి తెలుగు నెలల్లో రాసుకున్నాడాయన. మేం ఇదే విషయం వెబ్‌సైట్లలో చూసి నేర్చుకున్నాం. కావాలంటే మీ వాడితో ఒక పని చేయించండి, ఏ ఏడాదైనా తీసుకుని నెలవారీగా ‘దిగింది’, ‘లేచింది’ లెక్కబెట్టమనండి, గాలి ఎప్పుడు తిరిగిందో దాదాపు వారంతో సహా తేలుతుంది. ఆ పేజీలన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి, దండం పెడతా.

1990 పేజీలు కూడా ఒకసారి చూడండి. ఎయిర్‌బస్ ఏ320లు మన దేశానికి వచ్చింది 1989లో. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో ఒకటి కూలాక ప్రభుత్వం అన్నిటినీ కొన్ని నెలలపాటు నేలకి దించేసింది. మీ పుస్తకంలో ఆ ఖాళీ కనపడాలి.

నిలబడే చోటు. అదృష్టం ఏంటంటే శంషాబాద్ రన్‌వేల దిక్కు కూడా అదే, 09/27. రెండున్నాయి, పెద్దది 4,260 మీటర్లు, రెండోది 3,707, మొదట్లో అది ట్యాక్సీవే, అంటే విమానాలు రన్‌వే దాకా నడిచే దారి, తరువాత రన్‌వేగా మార్చారు. కాబట్టి మీ నాన్నగారి సూత్రం మార్చక్కర్లేదు. ఇప్పుడు ఆషాఢమే, విమానాలు తూర్పు నుంచి దిగుతాయి, తుక్కుగూడ వైపు శ్రీశైలం రోడ్డు పట్టండి. చలికాలం అయితే పడమట, బెంగళూరు హైవే వైపు. ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం బండి ఆపకండి, ఫైన్ సంగతి పక్కన పెట్టండి, అక్కడ వచ్చే స్పీడుకి ప్రాణం పోతుంది. వెలుతురు సంగతి, మామూలుగా విమానం దారికి దక్షిణంగా నిలబడితే ఎండ మన వీపు వెనక ఉంటుంది, కానీ మన అక్షాంశంలో మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు, ఆ రెండున్నర నెలలు లెక్క తిరగబడుతుంది. అయినా మిట్టమధ్యాహ్నం వెళ్ళకండి, రోడ్డు మీది సెగకి ఫోటో అంతా నీళ్ళలో వణికినట్టు వస్తుంది. మబ్బుంటే ఇంకా మంచిది.

ప్యారడైజ్_పాతకాపు:

బాబూ, మీ నాన్న షాపు నాకు తెలిసే ఉంటుంది, ఆ గల్లీలోనే మా ఆవిడ మిషను బాగుచేయించేవాళ్ళం. నేను రిటైరై పన్నెండేళ్ళయింది, పేర్లు అడక్కు.

ఎర్రగీత సంగతి నేను చెప్తా. ఆ గీత పక్కన తేదీ ఉంటే చూడు, 1993 నవంబరు 16 తరువాతిదై ఉంటుంది. వీటీ-ఈడీవీ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ ఏ300, రెండు ఇంజిన్ల పెద్ద ఎయిర్‌బస్సు. ఆ రకం మనకి 1976లో వచ్చింది. నవంబరు 15న మద్రాసు నుంచి మన ఊరికి వచ్చింది, బేగంపేటలో సరిగా కనిపించక దిగలేక మళ్ళీ పైకి లేచింది. అప్పుడు రెక్కల వెనక ఫ్లాపులు లోపలికి పోకుండా ఇరుక్కుపోయాయి. ఫ్లాపులు బయట పెట్టుకుని దూరం ఎగరడం అంటే గొడుగు తెరిచి ఎదురుగాలిలో సైకిలు తొక్కడమే, ఆయిలు తాగేస్తుంది. తిరిగి మద్రాసు దాకా వెళ్ళలేమని తేలి తిరుపతికి మళ్ళించారు, అక్కడిదాకా కూడా చాల్లేదు. వరిపొలంలో దించారు. 262 మంది ఉన్నారు, ఒక్కరు కూడా పోలేదు. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి అందరూ అందులోనే ఉన్నారు కాబట్టి మర్నాడు ఊరంతా అదే మాట, ఇరానీ హోటల్లో పేపరు కోసం కొట్టుకున్నారు. మనుషులు బతికారు కానీ విమానం మళ్ళీ ఎగరలేదు. అందుకే మీ నాన్న పుస్తకంలో కనపడదు.

బోయింగు అని రాసినవి 737-200లు అయ్యుంటాయి, ఈఏ, ఈసీ నంబర్లు. చుట్టలా సన్నటి ఇంజిన్లు, నల్లపొగ, లేచేటప్పుడు మా ఇంటి అద్దాలు గలగలమనేవి, క్లాసులో మాస్టారు పాఠం ఆపి విమానం పోయాక మళ్ళీ అందుకునేవాడు. ఆవ్రో కాన్పూరులో మనవాళ్ళే తయారుచేసింది, రెండు ఫ్యాన్లది.

ఇంకొంచెం వెనక్కి పోతా, విసుగొస్తే వదిలెయ్. మన ఊరికి సొంత ఎయిర్‌లైన్సు ఉండేది, దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం సర్కారూ టాటాలూ కలిసి 1945లో పెట్టారు, మరుసటేడు నుంచి డకోటా విమానాలు తిప్పారు. దేశంలో మొట్టమొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి చాలా కంపెనీలు ఉద్యోగం ఇవ్వనంటే 1947లో ఇచ్చింది మన దక్కన్ వాళ్ళే. (కెప్టెన్ సీటు మాత్రం వీళ్ళూ ఇవ్వలేదు, ఆమె వదిలేసి వెళ్ళిపోయింది. అదీ చెప్పాలిగా.) 1953 ఆగస్టు 1న మిగతా వాటితో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. ఇవాళ బేగంపేట ముందునుంచి రోజూ లక్షమంది పోతారు, దక్కన్ ఎయిర్‌వేస్ పేరు చెబితే చార్మినార్ దగ్గర ట్రావెల్స్ అనుకుంటారు.

1948లో ఇంకో తమాషా. సిడ్నీ కాటన్ అని ఆస్ట్రేలియా వాడు, లాంకాస్టర్ బాంబర్లని ప్రయాణికుల విమానాలుగా మార్చిన లాంకాస్ట్రియన్లు కొని, కరాచీ నుంచి రాత్రిళ్ళు నిజాం కోసం తుపాకులు మోశాడు. సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చింది, కథ ముగిసింది. వాడికి లండన్‌లో పడిన జరిమానా 200 పౌండ్లు! డాబా మీద మీ నాన్న లాంటివాడు అప్పుడు ఉండుంటే ఆ నంబర్లూ దొరికేవి.

లా_చదివినోడు:

అంకుల్ చెప్పిన కాటనే నా పాయింటుకి పనికొస్తాడు. యుద్ధానికి ముందు 1939లో అదే మనిషి మామూలు వ్యాపార విమానంలా కనిపించే లాక్‌హీడ్ అడుగున కెమెరాలు దాచి జర్మనీ స్థావరాల ఫోటోలు తీశాడు. విమానం, కెమెరా కలిస్తే సర్కార్లకి ఎందుకంత అనుమానమో అక్కడే తెలుస్తుంది.

మన దగ్గర 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 13వ రూలు ఫోటోల గురించే, ప్రభుత్వ ఏరోడ్రోముల్లో, ఎగిరే విమానంలోంచి అనుమతి లేకుండా తీయకూడదని. ప్రయాణికులు సీట్లో కూర్చుని ఫోటోలు, వీడియోలు తీసుకోవచ్చని డీజీసీఏ (విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ) 2020లో మళ్ళీ స్పష్టం చేసింది. బయట పబ్లిక్ రోడ్డు మీద నిలబడి ఆకాశంలో పోయే విమానాన్ని చూడ్డానికీ, నోటుబుక్కులో రాసుకోడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ప్రహరీ గోడ దగ్గరికి పోయి పెద్ద లెన్సు ఎత్తితే ఎవరైనా వచ్చి అడుగుతారు, అడగాలి కూడా. నన్ను ఒకసారి అడిగారు. ఐడీ కార్డు చూపించి, తీసినవన్నీ చూపించి, నోరు మూసుకుని వచ్చేశా. వాదించలేదు. ఎండలో డ్యూటీ చేసేవాళ్ళతో సెక్షన్లు మాట్లాడితే సాయంత్రం స్టేషన్లోనే గడుస్తుంది.

దుండిగల్, హకీంపేట వైపు కెమెరాతో అసలు పోకండి, అవి ఎయిర్‌ఫోర్సువి. బేగంపేటలో కూడా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, అక్కడా జాగ్రత్త.

స్కానర్ కొనకండి. పైలట్ల మాటలు వినే రిసీవర్ లైసెన్సు లేకుండా ఉంచుకోవడం 1933 వైర్‌లెస్ చట్టం నాటి నుంచీ నేరమే. 2010లో ఇద్దరు బ్రిటిష్ స్పాటర్లు (సరదాకి విమానాలు చూసి రాసుకునేవాళ్ళు) ఢిల్లీ ఎయిర్‌పోర్టు పక్క హోటల్లో రన్‌వే కనిపించే గది కావాలని అడిగి తీసుకున్నారు, వాళ్ళ దగ్గర కెమెరా, రిసీవరూ చూసి హోటలువాళ్ళకి అనుమానం వచ్చింది. వాళ్ళకి దురుద్దేశం ఏమీ లేదు, మీ నాన్నలాగే పుస్తకం నింపుకునే రకం. అయినా జైలు, కేసు, వారాల తరబడి ఇక్కడే ఇరుక్కుపోయి చివరికి జరిమానా కట్టి ఇంటికి పోయారు. ఫోన్లో ఫ్లైట్ ట్రాకింగ్ యాప్ చాలు, విమానం తానే పంపే సిగ్నల్ పట్టి మ్యాపు మీద చూపిస్తుంది.

ఏటీఆర్_అక్క:

యాప్ గురించి ఒక మాట. పిల్లాడికి మొదటి నెల యాప్ ఇవ్వకండి. ఇస్తే ఫోను చూస్తాడు, ఆకాశం చూడడు. మా అమ్మాయితో అనుభవం మీద చెప్తున్నా.

పగటిపూట మన దగ్గర వచ్చేవి ఎక్కువ ఏ320 కుటుంబం, ఏటీఆర్‌లు, కొన్ని 737లు. ఏటీఆర్ సులువు, రెక్క వీపు మీద ఉంటుంది, ఫ్యాన్లు ఉంటాయి, తోక టీ అక్షరంలా ఉంటుంది. ఏ320కీ 737కీ తేడా పట్టడమే అసలు పరీక్ష. 737 ముక్కు కొంచెం కోసుగా, తోక మొదట్లో ఒక మెలిక ఉంటుంది, ఇంజిను అడుగు చపాతీలా చదునుగా ఉంటుంది. ఇంకో చిట్కా, తలమీదుగా పోయేటప్పుడు కింద నుంచి చూస్తే 737కి చక్రాలు లోపలికి పోయాక కూడా కనపడతాయి, మూత ఉండదు. ఏ320కి మూత ఉంటుంది. పిల్లలు ఇది పెద్దవాళ్ళ కన్నా ముందు పట్టేస్తారు. ఏ350 వస్తే దాని కళ్ళకి నల్ల కళ్ళద్దాలు పెట్టినట్టు ఉంటుంది, 787కి ఇంజిను వెనక అంచు రంపం పళ్ళలా ఉంటుంది.

పెద్ద విమానాలు, గల్ఫ్‌వీ యూరప్‌వీ, చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపే వచ్చిపోతాయి, తొమ్మిదేళ్ళ పిల్లాడితో కుదరదు. హజ్ సీజన్లో మాత్రం మామూలుగా కనిపించనివి వస్తుంటాయి. ఇంకా శంషాబాద్‌లో విమానాల రిపేరు షెడ్లున్నాయి కదా, ఎక్కడెక్కడి కంపెనీలవో రంగు మార్చుకోడానికి వస్తుంటాయి, అది మనకి లాటరీ.

కెమెరా ఇప్పుడే వద్దు. ఒక మంచి బైనాక్యులర్ చాలు, 8x42 అని అడగండి, అంతకంటే పెద్దదైతే పిల్లాడి చేయి వణుకుతుంది. టోపీ, మంచినీళ్ళు, ఇంటి నుంచి పులిహోర.

కూకట్‌పల్లి_కుర్రాడు:

వైస్రాయ్ కథ ఇన్నేళ్ళు అందరికీ చెప్పుకుంట తిరిగిన, పరువు పోయింది 😅

బేగంపేట పూర్తిగా మూతపడలే అన్నా, రెండేళ్ళకోసారి వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన అక్కడనే. 2024 జనవరిలో బోయింగు 777ఎక్స్ వచ్చింది, రెక్కల చివర్లు మడుచుకునేది. మొదటి రోజులు వ్యాపారస్తులకి, చివర్ల మామూలు జనాన్ని పంపిస్తరు, మీ వాణ్ణి తీస్కపోవాలె. నా జీవితంల పెద్ద బాధ ఏందంటే 2016 మే నెలలో ఆంటొనోవ్-225 శంషాబాద్‌ల దిగింది, ఆరు ఇంజిన్లు, 32 చక్రాలు, ప్రపంచంల ఒక్కటే ఉండె. అర్ధరాత్రి పోదామని ఫ్రెండ్ పిలిస్తే పొద్దున పరీక్ష ఉందని పోలే. 2022లో కీవ్ దగ్గర యుద్ధంల కాలిపోయింది. ఆ పరీక్ష కూడా ఫెయిలైన.

బోడుప్పల్_వాసి:

అందరికీ పేరుపేరునా థాంక్స్. అంకుల్, మీరు చెప్పాక ఎర్రగీత పేజీ మళ్ళీ తీశా. 17-11-93 అని ఉంది, డబ్బా లోపల చిన్నగా "అందరూ క్షేమం" అని రాసుంది, పెన్సిలుతో రాసింది కావడంతో మొదట నాకు కనపళ్ళేదు. 1990 కూడా చూశా రన్‌వే గారూ, మార్చిలో ఒకచోట "కొత్త ఎయిర్‌బస్సులు రావట్లేదు" అనీ, రెండు వారాల తరువాత "ఇంకా రాలేదు" అనీ ఉంది. ఆషాఢం వాక్యం సంగతి అమ్మకి చెప్పా. "అంతేనా, నేను గోదావరి పుష్కరాల పాటేమో అనుకున్నా" అంది. ఈ ఆదివారం తుక్కుగూడ వైపు పోదామనుకుంటున్నాం.

ప్యారడైజ్_పాతకాపు:

ఆదివారం లాల్‌దర్వాజ బోనాలు. పాతబస్తీ వైపు నుంచి పోకండి, చాంద్రాయణగుట్ట దగ్గరే మధ్యాహ్నం అయిపోతుంది. ఎల్బీనగర్ మీదుగా పొండి.

బోడుప్పల్_వాసి:

వెళ్ళొచ్చాం. రెండు గంటల్లో 19 రాశాడు, అన్నీ "దిగింది". పోలీసులెవరూ రాలేదు, ఒక మొక్కజొన్న బండాయన మాత్రం ఎయిర్‌పోర్టు పక్కన భూమి కొంటానికి వచ్చామనుకుని రేటు చెప్పాడు. చక్రాల మూత చిట్కా వాడు మూడో విమానానికే పట్టాడు, నాకు ఇంకా రాలేదు. ఇప్పుడు ఒక గొడవ. 11:40కి దిగిన ఏటీఆర్ నంబరు చివరి అక్షరం ‘సీ’ అని నేను, ‘జీ’ అని వాడు. ఫోన్లో తీసిన ఫోటో మసకగా ఉంది. ఇక్కడ పెడితే ఎవరైనా చూసి చెబుతారా?

రన్‌వే_27:

పెట్టండి. పెట్టకపోయినా వాడు చెప్పిందే రాయండి, మీకింకా చక్రాల మూతే కనపడట్లేదు.